హౌజు గోడ మీద నురుగు

1969 జూన్ పదిహేడు, మంగళవారం. ఆ పొద్దున దేవానందం తిన్నది రాత్రి మిగిలిన అన్నం, పచ్చిపులుసు, నిప్పుల మీద కాల్చిన రెండు ఎండు మిరపకాయలు. తారీఖూ తిండీ ఆయనకు ఇంత బాగా గుర్తుండిపోవడానికి ఒక కారణం ఉంది. ఆ పచ్చిపులుసు ముద్ద నోట్లో ఉండగానే ఆయన ఒక మాట అనేశాడు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఐదు రోజులు పట్టింది.

అప్పట్లో ఆయన ఉన్నది దిల్‌సుఖ్‌నగర్‌లో, ద్రాక్షతోటల అంచున జానయ్య కట్టిన ఇంట్లో. ఒకే వాకిలి చుట్టూ మూడు వాటాలు. ముందు వాటాలో జానయ్య, ఆయన భార్య ముత్తమ్మ. నల్గొండ పల్లె నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళు లారీ నడిపి కట్టుకున్న ఇల్లు అది. నడిమి వాటాలో దేవానందం, కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్. భార్య రెబెక్క పోయి నాలుగేళ్ళు. చివరి వాటాలో తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా గంగాధరరావు, ఆయన భార్య కోటేశ్వరమ్మ. వాకిలి నడుమ సిమెంటు హౌజు. తోట బావి మోటారు నుంచి రెండు రోజులకోసారి అందులోకి నీళ్ళు వచ్చేవి. తాగడానికీ వంటకూ స్నానానికీ మూడిళ్ళకూ ఆ నీళ్ళే దిక్కు.

ఆ పొద్దున ముత్తమ్మ బిందెతో హౌజు దగ్గరికి పోయి, సగం కప్పిన రేకు పక్కకు జరిపి, కేకపెట్టింది.

"సారూ! జర ఇటు సూడుండ్రి. సదువుకున్నోళ్ళు, మీరే చెప్పుండ్రి. ఇది సబ్బు నురుగునా, కాదా?"

దేవానందం కంచం చేత్తో పట్టుకుని గడప మీదికి వచ్చాడు. పది అడుగుల దూరం నుంచి చూస్తే హౌజు లోపలి గోడకు, నీళ్ళకు జానెడు పైన, పిడికిలంత తెల్లటి నురుగు అతుక్కుని కనిపించింది.

"సబ్బు నురుగు లెక్కనే ఉందక్కా," అన్నాడు.

ముద్ద మింగి అని ఉంటే బాగుండేది. దగ్గరికి వచ్చి చూసి అని ఉంటే ఇంకా బాగుండేది.

ఎందుకంటే మూడిళ్ళలోనూ బట్టలకు నురుగొచ్చే సబ్బు పొడి వాడేది కోటేశ్వరమ్మ ఒక్కతే. డబ్బా తెచ్చుకుని నెల కాలేదు. తెచ్చిన రోజున ముత్తమ్మకే మొదట చూపించింది. ఇద్దరూ కలిసి బకెట్లో నురుగు చేసి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ డబ్బాయే సాక్ష్యమైంది.

"మూడిండ్లోళ్ళు తాగే నీళ్ళు కోటమ్మా! గీ హౌజుల బట్టలు గుంజుతవా?"

"అయ్యో రామ! నేనెందుకు పిండుతానండీ? నిన్న నేను బట్టలే ఉతకలేదు, కావాలంటే దండెం చూడండి."

"మరి సారు ఒట్టిగ చెప్తడా?"

కోటేశ్వరమ్మ దేవానందం వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఈయన కూడానా అన్నట్టు ఉంది. ఆయన కంచం పట్టుకుని లోపలికి వచ్చేశాడు.

మామూలు రోజుల్లో ఐతే ఆ పోట్లాట మధ్యాహ్నానికి చల్లారేది. కానీ అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఉడుకుతున్న రోజులు. కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేదు. జానయ్య లారీ సూర్యాపేట దగ్గర ఆగిపోయి పది రోజులు. మూలమీది కిరాణా కొట్టు దగ్గర, నీళ్ళలో ఏదో కలుపుతున్నారట అని ఒకరంటే, ఎవరు కలుపుతారో వేరే చెప్పాలా అని ఇంకొకరు అనేవారు. కుర్రాళ్ళు రెండుసార్లు వచ్చి, "ఆంధ్రోళ్ళు ఎవలన్న ఉన్నరా పెద్దమ్మా?" అని అడిగితే ముత్తమ్మే వాకిట్లో నిలబడి, "ఉన్నోళ్ళంత మా ఇంటోళ్ళే, పోండ్రి," అని తరిమింది. అట్లా నిలబడ్డ మనిషికి తన నీళ్ళలోనే సబ్బు కలిపారనిపిస్తే ఎట్లా ఉంటుంది?

హౌజు ఖాళీ చేసి, నురుగు గీకి కాలవ పక్కన పారేసి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఆమె ఆదివారానికి గడువు పెట్టి తేల్చేసింది.

"ఐతారం దాక సూస్త. ఐతారం దాటినంక మీరు వేరే కిరాయిల్లు సూస్కోండ్రి. నాతోని కాదు."

ఆ రోజుల్లో తూర్పు పట్నంలో వాళ్ళకు ఇల్లిచ్చే వాళ్ళెవరు? గంగాధరరావు ఆ సాయంత్రం మలక్‌పేట దాకా నడిచి, రెండు ఇళ్ళలో మాట తీరు వినగానే తలుపు వేసుకుంటే తిరిగి వచ్చాడు.

దేవానందం సాయంత్రం కాలవ దగ్గరికి ఊరికే పోలేదు. చేసిన తప్పు ఎంతదో చూసుకోవాలని పోయాడు. పొద్దుటి నురుగు అక్కడే ఉంది. ఎండంతా దాని మీదే పడింది, అయినా కరగలేదు. సబ్బు నురుగు ఐతే గంటలో నీరైపోతుంది. ఇది పైన పెళుసుగా పొర కట్టి, లోపల ఇంకా జిగటగా ఉంది. అగ్గిపుల్లతో విప్పి చూశాడు. జిగటలో ఆవగింజల కన్నా కాస్త పెద్దవి, మీగడ రంగు గింజలు. పదులు కాదు, వందలు. ఎండిపోయాయి.

గుడ్లు!

ఏ జీవి గుడ్లు? కప్పవి అనుకోవడానికి మనసు ఒప్పలేదు. కప్ప నీళ్ళల్లో గుడ్లు పెడుతుందని, అవి జిగురు ముద్దలా నీళ్ళల్లో తేలుతాయని పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు తానే చెప్తున్నాడు. నీళ్ళకు జానెడు పైన, గోడకు, నురుగులో పెట్టే కప్ప గురించి ఎవరూ తనకు చెప్పలేదు. తనూ అడగలేదు.

వెంటనే ముత్తమ్మ దగ్గరికి పోయి చెప్పాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"పొద్దుగాల సబ్బన్నరు. మాపటికి గుడ్లంటున్నరు. రేపటికి ఏమంటరు సారూ?"

"పొద్దున నేను చూడకుంట చెప్పిన అక్కా. తప్పు నాదే."

"ఆ పిల్ల ఏడ్సింది, మీకు పాపమనిపిచ్చింది. అంతే." చేట ఒకసారి ఎగరేసింది. "మంచోళ్ళే మీరు. మంచోళ్ళ మాట నమ్మితే మా నీళ్ళు మంచిగైతయా?"

నోటి మాట పని చేయదు. చూపించాలి. చూపించాలంటే ముందు తనకు తెలియాలి.

బుధవారం పొద్దున్నే కాలేజీకి నడిచి పోయాడు. గేటుకు తాళం. ల్యాబు అటెండరు కొమరయ్య వెనక సందులోంచి లోపలికి తీసుకుపోయాడు. బీరువా అడుగున చెదలు కొరికిన పాత పుస్తకం ఉంది. ఉభయచరాలను ఒక్కొక్క లక్షణం అడుగుతూ పేరు దాకా తీసుకుపోయే వరస ప్రశ్నల పుస్తకం. లక్షణం ఉంటే ఈ నంబరుకు పో, లేకపోతే ఆ నంబరుకు పో అని చెప్తుంది. దాన్ని చివరిసారి ఎవరు తెరిచారో తెలియదు. పేజీల మధ్య అణగిపోయిన బొద్దింక ఒకటి కనిపించింది.

"కప్ప పేరు తెలుసుకోవాల్నా సార్? మనకు తెల్వదా కప్పంటే?" అన్నాడు కొమరయ్య. "మీరు నేను కలిసి ఎన్ని వేలు కోసినమో!"

"కోసినం కొమరయ్యా. ఒక్కదాన్నన్న చూసినమా?"

కొమరయ్య పుస్తకం మీది దుమ్ము తుడిచి ఆయన చేతికిచ్చాడు. "రేపొస్త సార్. సామాన్లు పట్టుకొస్త."

ఆ సాయంత్రం మోటారు నీళ్ళు మళ్ళీ హౌజులోకి వచ్చాయి. రాత్రి వాన కొట్టింది. ముత్తమ్మ మాత్రం మొండి మనిషి. తాను చెప్పినదే నిజమని తేల్చుకోవడానికి, అరుగు మీద మంచం హౌజు వైపు తిప్పి వేసుకుని, రేకు మీద ఇసురురాయి పెట్టి, పక్కన కంది కట్టె పెట్టుకుని కావలి పడుకుంది. రేకు కప్పని సగం ఎప్పటిలాగే తెరిచే ఉంది. అందులోంచి మనిషి చెయ్యి పెట్టాలంటే ఆమె కాళ్ళు దాటి రావాలి.

గురువారం తెల్లవారింది. హౌజు గోడకు, నీళ్ళకు జానెడు పైన, పిడికిలంత తెల్లటి నురుగు. కొత్తది. తళతళలాడుతోంది.

ముత్తమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది. గీకడానికి చెయ్యి ఎత్తేలోపు దేవానందం వచ్చి నురుగుకు అడ్డంగా అరచెయ్యి పెట్టాడు.

"అక్కా, ఒక్క మాట. రాత్రి ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవలొస్తరు? నేనే ఉన్న గద."

"మరి ఇదెట్ల వచ్చింది?"

"...ఎప్పుడో కునుకు తీసిన కావచ్చు," అంది గానీ ఆ మాట ఆమెకే రుచించలేదు.

"ఐతారం దాకా దీన్ని ముట్టకుండ్రి. అందాక మూడిండ్లకు నీళ్ళు తోట బావి నుంచి నేను తెస్త. ఐతారం నాటికి ఇందులోంచి ఏం రాకపోతే మీ ఇష్టం."

"మీరు మోస్తరా? నడుము పడిపోతది సారూ."

"పడితే పడని."

ఆమె చీపురు దించింది. అది దేవానందానికి దొరికిన మొదటి కనికరం. ఇక రెండోదాని జాడ తన గదిలోనే దొరికింది.

గదిలో గోడ అద్దం వెనక ఎప్పుడూ ఒక కప్ప ఉండేది. పల్చగా, పొడుగ్గా, ఎండిన బాదం ఆకు రంగులో, గోడకు అతుక్కుని పగలంతా నిద్రపోయేది. పెళ్ళైన కొత్తలో దేవానందం దాన్ని తరమబోతే రెబెక్క ఆపింది. "ఉండనియ్యండి. దోమలు తింటది, మనల్ని ఒక్క మాట అనదు," అని నవ్వింది. ఇళ్ళు మారినా ఏదో ఒక కప్ప వచ్చి ఆ అద్దం వెనకే చేరేది. రెబెక్క పోయాక కూడా ఉంది. ఇన్నేళ్ళు దాని ముందు నిలబడి తల దువ్వుకుని, కప్పల గురించి పాఠం చెప్పడానికి కాలేజీకి పోయాడు తను. ఆ పొద్దున అద్దం పక్కకు తీసి చూస్తే కప్ప లేదు. గదంతా వెతికాడు. చివరికి హౌజు రేకు కింద, నురుగుకు మూరెడు దూరంలో కనిపించింది. కాళ్ళకు నురుగు ఎండి అంటుకుని, అలసిపోయినట్టు కళ్ళు మూసుకుని ఉంది. అదే కప్పో ఇంకొకటో చెప్పలేడు గానీ, అదే అనుకోవడం ఆయనకు బాగుంది.

దాన్ని మెల్లగా మూతి వెడల్పు గాజు సీసాలోకి తీశాడు. పది గంటలకు కొమరయ్య వచ్చాడు. సంచిలోంచి భూతద్దం, దూది, ఒక చిన్న నీలం సీసా తీసి వరసగా అరుగు మీద పెట్టాడు.

"క్లోరోఫారం గూడ తెచ్చిన సార్. ఫార్మలిన్ ఇంటికాడుంది. మన మ్యూజియంల గీ కప్ప లేదు."

"చూద్దాం," అన్నాడు దేవానందం. నిజానికి పద్ధతి అదే. చంపి, ఫార్మలిన్‌లో పెట్టి, దారంతో చీటీ కట్టి, తీరిగ్గా లక్షణాలు చూసుకోవాలి. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నదీ అదే.

అరుగు మీద పాత పుస్తకం తెరిచారు. ముత్తమ్మ ఇవతల చేట ముందేసుకుని కూర్చుంది, చూడటం లేదన్నట్టు. కోటేశ్వరమ్మ తన గడపలోనే నిలబడింది, రావడం లేదన్నట్టు.

"వేళ్ళ చివర ఏమున్నది కొమరయ్యా?"

"గుండ్రగ బిళ్ళలున్నయ్ సార్. అంగీ గుండీలు ఉన్నట్టు."

"ఐతే పొలం కప్ప కాదు. ముందు వేళ్ళ మధ్య పొర?"

"మొదట్ల రవ్వంత. లేదనే చెప్పాలె."

"వెనక వేళ్ళకు?"

"దండిగున్నది. ముప్పావు దాక."

దేవానందం పేజీ తిప్పాడు. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. ఈ కుటుంబపు కప్పలు కొన్ని నీటి పైన కొమ్మలకో గోడలకో నురుగు గూడు కట్టి అందులో గుడ్లు పెడతాయి. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. పుస్తకానికి ఇది ఎప్పటినుంచో తెలుసు. తెరవంది తనే.

తరువాత ప్రశ్న నోటి లోపలిది. అంగిట్లో పళ్ళున్నాయా? కొమరయ్య నీలం సీసా ముందుకు జరిపాడు. ఆయన దాన్ని వెనక్కి జరిపి, కార్డు ముక్క మడిచి, కప్ప పెదవుల మధ్య దూర్చి, మెల్లగా నోరు తెరిచాడు. గుండుసూది మొనతో కాదు, తలతో తడిమితే, అంగిట్లో రెండు చిన్న ఏటవాలు వరసలు గరగరమన్నాయి. కప్ప ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. అంతే.

"ఉన్నయ్," అన్నాడు. చెమట పట్టింది ఆయనకు.

ఆఖరి ప్రశ్న తొడ వెనక భాగం గురించి. కూర్చున్న కప్పకు అది కనపడదు. కాళ్ళు ముడుచుకుని ఉంటుంది. బలవంతంగా లాగడం ఆయనకు ఇష్టం లేదు. సీసా పక్కకు వాల్చి, కప్ప కదిలే దాకా చూడాలన్నాడు. ఇద్దరే కాదు, నలుగురూ చూశారు. ముత్తమ్మ చేట ఎప్పుడు పక్కన పెట్టిందో తెలియదు. కోటేశ్వరమ్మ గడప ఎప్పుడు దాటిందో తెలియదు. కప్ప ఒక కాలు చాపింది. ఆలోచించింది. రెండో కాలూ చాపి గాజు మీదికి పాకింది.

తొడ వెనక ముదురు వంగపండు రంగు. దాని మీద గుండ్రని పసుపు చుక్కలు.

"అబ్బ!" అంది ముత్తమ్మ. "పసుపు బొట్లు పెట్టినట్టున్నది గద. ఎవల్కి కనపడకుంట దాసుకున్నది, సూడు!"

"సీమంతం చేసుకుని వచ్చిందేమోలెండి," అంది కోటేశ్వరమ్మ మెల్లగా.

ముత్తమ్మకు నవ్వు వచ్చింది. పోట్లాట గుర్తుకొచ్చి ఆపుకుంది.

"రాకోఫోరస్ మాక్యులేటస్," అని చదివాడు దేవానందం. "మచ్చల చెట్టుకప్ప. అదీ పేరు."

"పేరేదైతేంది," అంది ముత్తమ్మ. "ఆ నురుగు గిదే చేసిందని ఎట్ల?"

మంచి ప్రశ్న. తన విద్యార్థులు ఎవరూ ఎన్నడూ అడగలేదు అలాంటిది. "దానికే ఐతారం దాకా ఆగుదామన్న," అన్నాడు.

చీటీ మాత్రం ఆయన రాశాడు. చంపినా చంపకపోయినా చీటీ లేని నమూనా నమూనా కాదు. దొరికిన చోటు: దిల్‌సుఖ్‌నగర్, హౌజు గోడ, నీటికి జానెడు ఎత్తున. తారీఖు: 19-6-69. చూసినవారు అనే గీత దగ్గర ఆగి, ముత్తమ్మ అని రాసి, హౌజు రేకుకు అతికించాడు.

"ఏం రాసిండ్రు?"

"చోటు, తారీఖు, మీ పేరు."

"నా పేరెందుకు సారూ?"

"రాత్రంతా కావలి కాసింది మీరే గద. ఎవరూ రాలేదని చెప్పగలిగే సాక్షి మీరొక్కరే."

ముత్తమ్మకు చదువు రాదు. ఆయన చూపించిన చోట వేలు పెట్టి, అక్షరాలు లెక్కపెట్టినట్టు కాసేపు చూసింది. మధ్యాహ్నం కిరాణా కొట్టు మనిషి పొట్లం ఇవ్వడానికి వచ్చి, ఏందమ్మా ఆ చీటీ అని అడిగితే, "అది నేను కావలున్న కప్ప," అని చెప్పడం దేవానందం చెవిన పడింది.

కప్పను సాయంత్రం వదిలేశారు. వాడని క్లోరోఫారం సీసా, దూది సంచిలో పెట్టుకుంటూ కొమరయ్య, "మ్యూజియంకు మళ్ళ ఎప్పుడో," అని ఒక నిట్టూర్పు మాత్రం విడిచాడు.

శుక్రవారం, శనివారం కూడా దేవానందం నీళ్ళు మోశాడు. భుజం కమిలింది. రెండో రోజు చూస్తే కోటేశ్వరమ్మ కొబ్బరినూనె గిన్నె ఆయన గడప మీద పెట్టి పోయింది. నురుగు పైన పొర కట్టి, పసుపు తిరిగి, ముడుచుకుపోయింది. ఎండిపోతుందేమోనని భయం వేసింది. మొదటి గూడులాగే ఇదీ పోతే? గంటకోసారి భూతద్దం పట్టుకుని పోయేవాడు. రెండుసార్లు ముత్తమ్మ అక్కడ ముందే నిలబడి ఉంది.

ఆదివారం గంగాధరరావు భోజనం కాగానే ఎల్.బి.నగర్ వైపు గదులు వెతకడానికి పోయాడు. కోటేశ్వరమ్మ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. ఒక్కొక్క గిన్నె చప్పుడూ దేవానందానికి వినిపిస్తూనే ఉంది. ఆయన పడక్కుర్చీలో బైబిలు తెరిచి పెట్టుకుని ఒకే వచనం మీద కూర్చున్నాడు.

నాలుగున్నరకు జల్లు మొదలైంది.

"సారూ! ఓ సారూ! పడుతున్నయ్!"

చెప్పులు లేకుండా పరుగెత్తాడు. వాన తడికి నురుగు అడుగు మెత్తబడి జారుతోంది. జిగట చుక్క ఒకటి సాగింది, సాగింది, తెగి నీళ్ళలో పడింది. పడిన చుక్క తోక ఊపి ఈదుకుంటూ పోయింది. వెనకే ఇంకొకటి. ఆపైన ఐదారు ఒకేసారి.

"కోటమ్మా! ఏడున్నవే? గిన్నెలు తర్వాత సదురుదువు గని, ఇటురా! నీ సబ్బు పొడికి తోకలొచ్చినయ్!"

కోటేశ్వరమ్మ వచ్చి హౌజు అంచు పట్టుకుని వంగింది. వాన ముగ్గురి తలల మీదా పడుతోంది.

"అమ్మా," అన్నాడు దేవానందం ఆమెతో, "ఆ రోజు నేను చూడకుండా చెప్పిన. నా మాట మీదే ఇంత దూరం వచ్చింది. మన్నించు."

"పోన్లెండి అన్నయ్యగారూ. నాలుగు రోజులు నీళ్ళు మోశారుగా," అంది ఆమె. కళ్ళు తుడుచుకుందో, వాన తుడుచుకుందో.

ముత్తమ్మ మన్నింపు అడగలేదు. అది ఆమె పద్ధతి కాదు. ఆయన వైపు తిరిగి, "ఇగ మీదట నోట్ల ముద్ద పెట్టుకోని ఏం చెప్పకుండ్రి సారూ," అంది. తరువాత కోటేశ్వరమ్మతో, "ఈ పిల్లలు పెద్దగైనంక తోట కుంటల ఇడుద్దాం. అందాక నా బిందెల నీళ్ళు తీస్కపో. ఆ సంచి మూతి గూడ ఇప్పు, గిన్నెలు సిలుమెక్కుతయ్," అంది.

చీకటి పడింది. గంగాధరరావు ఇంకా రాలేదు. ఆ వారమంతా ముత్తమ్మ ఎనిమిది కాకముందే వీధి తలుపు గడియ పెట్టేసుకుని పడుకునేది. ఆయన వచ్చి తలుపు తడితే దేవానందమే లేచి తీసేవాడు. ఆ రోజు ఎనిమిదైంది, ఎనిమిదిన్నర అయింది. ముత్తమ్మ దీపం పక్కన పెట్టుకుని గడప మీదే కూర్చుని ఉంది. మూల మీద నలుగురు కుర్రాళ్ళు ఎవరి కోసమో చూస్తున్నట్టు నిలబడితే, "ఏంది? ఇండ్లు లేవా మీకు?" అని అక్కడి నుంచే అదిలించింది.

తొమ్మిదికి గంగాధరరావు వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. "ఎక్కడా దొరకలేదండీ. రేపు ఇంకోసారి..." అని నసిగాడు.

"రేపు లేదు, ఎల్లుండి లేదు. కాళ్ళు కడుక్కోని అన్నం తినండ్రి. హౌజుల కడుక్కునేరు, పిల్లలున్నయ్."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. తల వంచుకుని లోపలికి పోయాడు. చివరి వాటాలో గిన్నెల చప్పుడు, ఈసారి సంచిలోంచి తీస్తున్న చప్పుడు, వినిపించింది. దేవానందం తన గదిలో అద్దం కొంచెం పక్కకు జరిపి చూశాడు. గోడకు అతుక్కుని, కాళ్ళు ముడుచుకుని, పసుపు చుక్కలన్నీ దాచుకుని, కప్ప అక్కడ ఉంది. అద్దం తిరిగి సరిచేశాడు.

బయట ముత్తమ్మ లేచి, వీధిలోకి అటూ ఇటూ ఒకసారి చూసి, తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ పెట్టింది.